ఉద్దానంలో దప్పిక లెక్క

శ్రీకాకుళం దాటాక నరసన్నపేట, కోటబొమ్మాళి మీదుగా ఉత్తరానికి పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే టెక్కలి వచ్చేదాకా కొబ్బరి పెద్దగా కంటబడదు. కోతలైపోయి బీటలు తీసిన వరిమళ్ళు, గట్ల మీద తాళ్ళు, గ్రానైటు కోసం సగం చెక్కేసిన కొండలు, అంతే. ఏప్రిల్ ఆఖరు రోజులు. మహేంద్రగిరి వైపు నల్లగా ఏదో కనిపిస్తే వాననుకుని ఆశపడ్డాను. పక్క సీటు పెద్దాయన ఒకసారి తొంగిచూసి, "వాన కాదు బావూ, ఉక్క" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

నా సంచిలో బట్టలకంటే కాగితాల బరువే ఎక్కువ. వి. రాజగోపాల్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు రాసిన పరిశోధన వ్యాసాల నకళ్ళవి. పంటల శరీరధర్మశాస్త్రం ఆయన రంగం. అందులోనూ మొక్కకూ నీటికీ మధ్య నడిచే వ్యవహారమే ఆయన ప్రధానంగా పట్టించుకున్న సంగతి. కాసరగోడులోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థలో చాలాకాలం పనిచేసి, దానికి డైరెక్టరు కూడా అయ్యారు. ఉద్యోగం ముగిశాక తిరుపతిలో ఉంటూ ఆకలి నిర్మూలన కోసం ఒక సంస్థ పెట్టారు. కొబ్బరికి నీరు తగ్గితే చెట్టు లోపల ఏమవుతుందో ఆయనంత పట్టుగా వెతికినవాళ్ళు మన దేశంలో కొద్దిమందే. ఆ కాగితాలు కొబ్బరి తోటలో కూర్చుని చదవాలనిపించింది. కోనసీమకు పోవచ్చు. కానీ అక్కడ గోదావరి కాలువలున్నాయి. చెట్టు దప్పిక సంగతి తెలియాలంటే, కొబ్బరి వాన మీదే బతికే శ్రీకాకుళం జిల్లా ఉద్దానానికే రావాలి.

టెక్కలిలో దిగి ముందు రావివలస వెళ్ళాను. అక్కడి మల్లికార్జునుడికి గుడి కప్పు లేదు. పెద్ద శిల, ఆరుబయట, ఎండకూ వానకూ అలాగే ఉంటుంది. ఎండల మల్లికార్జునస్వామి అంటారు. కార్తీకమాసంలో ఇసకేస్తే రాలని చోటు ఈ వేడికి ఖాళీగా ఉంది. వచ్చిన నలుగురూ దండం పెట్టుకుని చెట్ల నీడకు పరుగెత్తారు. స్వామి ఒక్కడే ఎండలో మిగిలాడు.

అక్కడినుంచి తేలినీలాపురం. చలికాలంలో పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు ఈ ఊరి చెట్ల మీదే గూళ్ళు పెట్టి పిల్లల్ని లేపుకుంటాయి. అవి రాకపోతే ఊరికి మంచిది కాదని ఇక్కడివాళ్ళ నమ్మకం. నేను పోయేసరికి చాలామటుకు వెళ్ళిపోయాయి, కొమ్మల మీద తెల్లని రెట్టలు మిగిలాయి. ఊళ్ళో చెట్లు గూటికే. పక్షులకు తిండిపెట్టేది చుట్టూ ఉన్న తంపర. వానాకాలంలో నీళ్ళు నిలిచి, ఎండాకాలంలో గడ్డి మిగిలి, చేపకూ పశువుకూ పనికొచ్చే నేల. సర్కారు కాగితాల్లో ఇలాంటి నేల తరచు బంజరు కిందికి పోతుంది. ఇక్కడికి దగ్గరలోని కాకరాపల్లి తంపరలో థర్మల్ విద్యుత్ కేంద్రం పెట్టబోతే 2011 ఫిబ్రవరిలో కాల్పుల దాకా వెళ్ళింది. అంతకు ముందు, 2010 జూలై 14న, సోంపేట బీల అనే చిత్తడి నేల దగ్గరా అంతే. రెండు చోట్లా మనుషులు పోయారు. నీరు నిలిచే నేల విలువ ఈ జిల్లా జనానికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

నౌపడ ఉప్పు మడుల గట్టు మీద నిలబడి సంచిలోంచి మొదటి కాగితం తీశాను. ఉప్పు గుట్టలకు కూతవేటు దూరంలో కొబ్బరిచెట్లు హాయిగా ఉన్నాయి. చాలా పంటలకు విషమైన ఉప్పు కొబ్బరికి ఎందుకు పడుతుంది? ఉప్పులోని క్లోరైడు దానికి ఆహారం కిందే లెక్క. ఆకు అడుగున ఉండే సూక్ష్మమైన రంధ్రాలు తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ కొబ్బరి క్లోరైడును వాడుకుంటుందని పరిశోధకులు తేల్చారు. ఫిలిప్పీన్స్‌లో, సముద్రానికి దూరంగా ఉన్న తోటల్లో చెట్టు మొదట్లో ఉప్పు వేయమని అక్కడి ప్రభుత్వ కొబ్బరి సంస్థే చెబుతుంది. మన కేరళలోనూ కొబ్బరి పాదులో ఉప్పు చల్లే అలవాటు పాతదే. ఉద్దానంలో ఆ ఖర్చు లేదు, గాలే మోసుకొస్తుంది.

ఆ రంధ్రాల దగ్గరే అసలు కథంతా ఉంది. పత్రరంధ్రం తెరిస్తే గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి వస్తుంది, చెట్టుకు అన్నం తయారవుతుంది. కానీ తెరిచిన ప్రతిసారీ లోపలి నీరు ఆవిరై పోతుంది. మూస్తే నీరు మిగులుతుంది, ఆకలి మొదలవుతుంది. పూటపూటకూ మొక్క చేసే ఈ బేరాన్ని కొలవడమే రాజగోపాల్ లాంటివాళ్ళ చదువు. ఈ చదువంటే తిరుపతి కూడా గుర్తొస్తుంది: అక్కడి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వి.ఎస్. రామదాస్ నడిపిన ప్రయోగశాల ఒకప్పుడు కిరణజన్య సంయోగక్రియ పరిశోధనకు పెట్టింది పేరు. అక్కడ తయారైన ఎ.ఎస్. రాఘవేంద్ర తరువాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పత్రరంధ్రాల మీద పనిచేసి, 1991లో భట్నాగర్ బహుమతి అందుకున్నారు. ఆకు అడుగున కంటికి కనపడని చిల్లుల మీద తెలుగువాళ్ళు చేసిన పని తక్కువేమీ కాదు. పేపర్లలో మాత్రం ఎప్పుడోగాని రాదు.

రాజగోపాల్ మొదట పట్టుకున్నది కొబ్బరి కాదు, గోధుమ. ఢిల్లీలో ఎస్.కె. సిన్హా వంటి పెద్దల దగ్గర పనిచేస్తూ, నీళ్ళు తగ్గిన గోధుమ ఆకులో తేమ, ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం, నత్రజనిని మార్చే ఒక ఎంజైము పగలూ రాత్రీ ఎలా హెచ్చి తగ్గుతాయో కొలిచారు. ఆ వ్యాసం 1977లో వచ్చింది. చదివితే నాకు పట్టిన సంగతి ఒక్కటే: పొద్దున కోసిన ఆకు ఒకటి చెబుతుంది, మధ్యాహ్నం కోసిన ఆకు ఇంకొకటి చెబుతుంది. ఏ వేళ చూశామో రాయకుండా పంట ఎండిపోతోందనో బాగుందనో చెప్పే మాటకు విలువ లేదు. కరువు మండలాలు ప్రకటించడానికి జీపుల్లో తిరిగేవాళ్ళు ఈ వ్యాసం చదివితే బాగుండును. తరువాత ఆయన డెన్మార్క్‌లో బఠానీ కొమ్మల మీద పనిచేశారు. నీళ్ళు తగ్గించిన తల్లిమొక్క నుంచి తీసిన కొమ్మకు వేళ్ళు ఎలా పుడతాయన్నది అక్కడి ప్రశ్న. ఆండర్సన్ అనే ఆయనతో కలిసి రాసిన ఆ వ్యాసాలు 1980 నాటివి.

గోధుమ నాలుగు నెలల పంట, బఠానీ కుండీలో పెరుగుతుంది. వాటితో పనిచేసిన చేతులే తరువాత పదిహేను ఇరవై మీటర్ల ఎత్తు కొబ్బరిచెట్టు మీదికి వెళ్ళాయి.

పలాస చేరేసరికి సాయంత్రం. పలాస, కాశీబుగ్గ కలిసి ఒకే మునిసిపాలిటీ, ఎక్కడ ఒకటి ముగిసి ఇంకొకటి మొదలైందో కొత్తవాడికి తెలీదు. గాలిలో జీడిపిక్కల పొగ వాసన. ఇది పిక్కల కాలం. కొనేవాడూ అమ్మేవాడూ 80 కిలోల బస్తా లెక్కన మాట్లాడుకుంటారు. ఆఫ్రికా దేశాల పిక్కలు ఓడల్లో వచ్చి పడుతుంటే తమ పిక్కకు ధర రావడం లేదన్నది రైతుల మాట. ఆ పిక్కలు లేకపోతే ఏడాది పొడుగునా ఫ్యాక్టరీ నడవదన్నది వ్యాపారుల మాట. రెండూ నిజమే. పొట్టు తీసే చోట ఆడవాళ్ళు వరుసగా కూర్చుని గుండు ఒక పక్కకూ బద్ద ఒక పక్కకూ వేస్తున్నారు. గుండుకున్న ధర బద్దకు లేదు, అందుకని వాళ్ళ వేళ్ళ నేర్పు మీదే యజమాని లాభం. పిక్క తొక్కలోని జీడి నూనె చర్మాన్ని కాలుస్తుంది. పిక్కలు కొట్టేవాళ్ళ వేళ్ళ కొసలు చూస్తే తెలుస్తుంది.

జీడిమామిడి బ్రెజిల్ చెట్టు, పోర్చుగీసువాళ్ళు తెచ్చింది. తల్లివేరు లోతుకు దించుతుంది. వానలు ముగిశాక పూసి, ఎండల్లో కాసి, జూన్ వానకు ముందే పిక్క రాల్చేస్తుంది. దానికి ఇక్కడి ఎండ భయం లేదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కురిసే మంచుకే భయం. పూత మీద మంచు పట్టుకుంటే మాడిపోతుంది. ఒకే నేలలో పక్కపక్కనే పెరిగే రెండు చెట్లకు రెండు వేరు వేరు శత్రువులు. కొబ్బరికి తల్లివేరు లేదు. మొదట్లోంచి వేలకొద్దీ వేళ్ళు పక్కలకు పాకుతాయి. వాటికి నూగువేళ్ళు కూడా ఉండవు. పని చేసే వేళ్ళన్నీ చెట్టు చుట్టూ రెండు మీటర్లలోనే, పై పొరల్లోనే. ఇసుక ఆరిందంటే చెట్టుకు వెంటనే తెలిసిపోతుంది.

మర్నాడు వజ్రపుకొత్తూరు వైపు పోయాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది పలాస దగ్గరే. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. ఈ దారిలో రోడ్డు పక్క తోటల్లో ఇప్పటికీ ఖాళీలు కనిపిస్తాయి. పడిపోకుండా మిగిలిన చెట్లలో కొన్ని నేలవైపు వంగి, తరువాత పైకి తిరిగి నిటారుగా పెరిగాయి. ఒక తోటలో నీడ చూసి కూర్చున్నాను. తోట రైతు వచ్చాడు, డెబ్బయి ఏళ్ళుంటాయి. బొండం కొట్టి ఇచ్చి పక్కనే కూలబడ్డాడు.

"తెల్లారేతలికి తోట నేదు బావూ. మజ్జేనం ఎండ మా తోటలో నేలకి తగలడం అదే మొదలు" అన్నాడు తుపాను సంగతి అడిగితే.

"మిగిలిన చెట్లు కాశాయా తాతా?"

"కాసీ కాయనట్టు. మూడేళ్ళు కాపు నేదు. మందులేసినాం, మాకులేసినాం. సెట్టు బాగానే ఉంది, కాయ మాత్రం నేదు."

సంచిలోని కాగితం బయటికి తీయాల్సిన సమయం అదే. 1996లో రాజగోపాల్, శివశంకర్, మాథ్యూ అనే ముగ్గురు కలిసి, కొబ్బరికాయ పుట్టుక మీద పొడి రోజుల దెబ్బ ఎలా ఉంటుందో రాశారు. మనం దించే ముదురు కాయ ఈ ఏటిది అనుకుంటాం. కాదు. చెట్టు మొవ్వు లోపల ఆ గెల తాలూకు మొదటి మొగ్గ మొలకెత్తిన నాటినుంచి కాయ ముదిరే దాకా సుమారు 44 నెలలు పడుతుంది. అందులో మన కంటికి కనిపించేది పొత్తు చీలిన తరువాతి చివరి ఏడాదే. మిగతా రెండున్నరేళ్ళకు పైన జరిగేదంతా లోపలే. ఆ 44 నెలల్లో కొన్ని దశలు మరీ సున్నితమైనవి: లోపల మొగ్గ మొదలయ్యే దశ, అండాశయం రూపు కట్టే దశ, బయటికి వచ్చాక పిందె దశ. ఈ మూడింటిలో ఏ ఒక్కటి పొడి నెలల్లో పడినా ఆ దెబ్బ తరువాతి సంవత్సరాల్లో గెలలో తేలుతుంది. ఈ ఏడు వానలు బాగా పడ్డాయి, అయినా కాపు ఎందుకు తగ్గిందని రైతు తల పట్టుకుంటాడు. జవాబు మూడేళ్ళ కిందటి వేసవిలో ఉంటుంది.

ఆ వ్యాసం తుపాను మీద రాసింది కాదు. అయినా కమ్మలు విరిగి, వేళ్ళు కదిలిన చెట్టు నేలలో చెమ్మ ఉన్నా పీల్చలేదు గనుక లెక్క దగ్గరదగ్గరగా ఇదే అవుతుందని నా అభిప్రాయం. 2018 అక్టోబరుకు 44 నెలలు కలపండి. 2022 జూన్ వస్తుంది. తాత వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "అయితే నష్టం రాసుకున్నోళ్ళు ముందే ఎల్లిపోనారు" అన్నాడు. అధికారులు లెక్కించింది పడిన చెట్లను. నిలబడి కాయని చెట్టుకు కాలమ్ లేదు. ఆ కాలమ్ పెట్టడానికి కావలసిన శాస్త్రం 1996 నుంచీ అచ్చులోనే ఉంది.

ఆ తోటలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాను. టేకు, మామిడి ఏటేటా లావెక్కుతాయి. కొబ్బరికి ఆ ఏర్పాటు లేదు. ఒకసారి తయారైన మాను ఎంత సన్నమో అంతే, ఎన్నేళ్ళయినా లావు కాదు. నెలకు ఇంచుమించు ఒక కమ్మ చొప్పున వస్తుంది, రాలిన ప్రతి కమ్మా మాను మీద ఒక ఉంగరం లాంటి మచ్చ వదులుతుంది. మంచి కాలంలో మచ్చకూ మచ్చకూ ఎడం ఎక్కువ, కష్టకాలంలో దగ్గర దగ్గరగా ఉంటాయి, మాను కూడా అక్కడ నడుము పట్టినట్టు సన్నబడుతుంది. చెట్టు తన జమాఖర్చుల చిట్టాను ఒంటిమీదే రాసుకుందన్నమాట. తాత తోటలో ఒక వరస చెట్లకు ఇంచుమించు ఒకే ఎత్తులో సన్నని మెడ ఉంది. దాని పైనుంచి మళ్ళీ లావు. అది ఏ సంవత్సరమో నేను చెప్పలేదు, ఆయనే చెప్పాడు. "ఆ ఏడు నూతిలో నీళ్ళు అడుగంటినాయి. మా పెద్దోడి పెళ్ళి ఆపేసినాం."

మధ్యాహ్నం పన్నెండు దాటాక ఆకుల్ని చూశాను. కొబ్బరి ఈనెకు రెండు పక్కలా ఉండే రేకులు కొంచెం ముడుచుకుని కిందికి వంగాయి. పొద్దున్న అలా లేవు. చెట్టు ఎండకు తగిలే వెడల్పు తగ్గించుకుంటోంది. పత్రరంధ్రాలు అడుగు వైపే ఉంటాయి కాబట్టి అవి మరింత నీడకు పోతాయి. ఇది కంటికి కనిపించేది. కనిపించనిదాన్ని కొలవడానికి కాసరగోడులో రాజగోపాల్ బృందం మూడు పనులు చేసింది. ఒకటి, రంధ్రాలు ఎంత గట్టిగా మూసుకున్నాయో పరికరంతో చూడటం. రెండు, ఆకు రేకును కోసి ఉక్కు గదిలో బిగించి, కోసిన చోట రసం బొట్టు తేలేదాకా గ్యాసు ఒత్తిడి పెంచడం. ఎంత ఒత్తిడి కావలసివస్తే ఆకు అంత దప్పికతో ఉన్నట్టు. మూడు, ఆకు పైన ఉండే మైనపు పొరను కరిగించి ఎంతుందో తేల్చడం. దళసరి మైనం ఉన్న చెట్టుకు రంధ్రాలు మూశాక చర్మం గుండా నీరు అంతగా పోదు. ఈ మూడు గుర్తులతో రకరకాల కొబ్బరి రకాలను జల్లెడ పట్టి, కస్తూరీబాయి, వోలేటి అనే సహచరులతో కలిసి 1990లో ప్రచురించారు. పొడుగు రకాల్లో చాలావాటికి ఓర్పు ఉందని, పొట్టి రకాలు ఎండకు తొందరగా లొంగుతాయని తేలింది.

చెప్పడానికి ఇది మూడు వాక్యాల్లో అయిపోయింది. చేయడానికి చెట్టెక్కే మనిషి కావాలి. ఫలానా కమ్మే, ఫలానా వేళకే, ఒక చెట్టుకు కాదు అన్ని రకాల చెట్లకూ, వానకాలంలోనూ ఎండాకాలంలోనూ కావాలి. కాసరగోడులో ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, కానీ డిసెంబరు నుంచి మే దాకా వాన చాలా తక్కువ. శ్రీకాకుళం జిల్లాలో వాన వెయ్యి మిల్లీమీటర్లకు కాస్త పైన. ఎంత పడిందన్నది కొబ్బరికి ముఖ్యం కాదు, ఎన్ని నెలలు పడలేదన్నదే ముఖ్యం. అందుకే కేరళ కొబ్బరి మీద చేసిన పని ఉద్దానానికి పనికొస్తుంది.

ఆయన వ్యాసాల్లో నాకు బాగా నచ్చింది 1986 నాటిది. కేరళ దక్షిణ జిల్లాల్లో కొబ్బరికి వేరు ఎండు తెగులు అనే మొండి రోగం ఉంది. చెట్టు చావదు, బతికి కాయదు. ఆ రోగం సోకిన చెట్ల పత్రరంధ్రాలు మూసుకోవలసిన వేళ మూసుకోవడం లేదని రాజగోపాల్ బృందం చూపించింది. అంటే రోగి చెట్టు పగలంతా నీటిని పారబోస్తూనే ఉంటుంది. చూసేవాళ్ళకు వేళ్ళు పాడై నీరు అందలేదేమో అనిపిస్తుంది, నిజానికి తలుపు పడటం లేదు. పైకి ఒకేలా కనిపించే రెండు దప్పికలకు కారణాలు వేరని తేల్చడం నాకు పెద్ద విజయంగా తోచింది. ఆ తెగులు మన ఉద్దానంలో లేదు. ఈ తేడా మాత్రం ఇక్కడ మనుషుల విషయంలోనూ గుర్తుంచుకోవాలి.

మందస మీదుగా సోంపేట, అక్కడినుంచి కవిటి. మందసలో కోవా తినకుండా ముందుకు పోవద్దని అందరూ చెబుతారు, నేనూ చెబుతున్నాను. కవిటి దగ్గరపడేకొద్దీ కొబ్బరి దట్టమవుతుంది, మధ్యలో పనస, మామిడి, జీడి. ఉత్తరాంధ్ర కోనసీమ అంటారు. తోటల మధ్య ఊళ్ళలోకి పోతే మాత్రం ప్రతి వీధిలోనూ డయాలసిస్ మాట వినిపిస్తుంది. ఉద్దానం మూత్రపిండాల వ్యాధికి కారణం ఏమిటో ఇంతమంది పరిశోధకులు వచ్చిపోయినా ఇంకా తేలలేదు. నీటిలో ఏదో ఉందన్నది ఒక అనుమానం. శ్రీలంక వరి రైతుల్లో, మధ్య అమెరికా దేశాల చెరకు తోటల కూలీల్లో ఇలాంటి రోగమే ఉంది. అక్కడ కొందరు పరిశోధకులు ఎండలో చాకిరీ, ఒంట్లో నీరు తగ్గిపోవడం కూడా ఒక కారణమంటారు. నేను డాక్టరును కాను. మధ్యాహ్నం ఒంటిగంటకు కొబ్బరి రేకులు ముడుచుకున్న తోటలోనే కాయలు మోసే కూలీలు పని ఆపలేదన్నది మాత్రం చూశాను. చెట్టు తన పని ఆపుకుంది.

తాగునీటి విషయంలో ప్రభుత్వం ఒక మంచి పని చేసింది. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గొట్టాల్లో ఏడు మండలాల్లోని 807 ఊళ్ళకు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి కూడా అదే రోజు తెరిచారు. గొట్టం నీళ్ళు బాగా వస్తున్నాయా అని అడిగితే ఊరికో జవాబు వచ్చింది, అది వేరే వ్యాసం. మనిషికి నది నీరు వచ్చాక నూతి నీరంతా తోటకే మిగిలింది. అయినా తోటకు నీరు పెట్టేవాళ్ళు తక్కువ. ఉద్దానంలో కొబ్బరి వాన మీద బతికే పంటే. కాసరగోడు సంస్థ లెక్క ప్రకారం పాదు కట్టి పోస్తే చెట్టుకు నాలుగు రోజులకొకసారి 200 లీటర్లు కావాలి, బొట్టు పద్ధతిలో అయితే రోజుకు 32 లీటర్ల దగ్గర సరిపోతుంది. ఎకరానికి డెబ్బయి చెట్లున్న రైతుకు ఈ రెండో లెక్క అందనిదేమీ కాదు. నీళ్ళే లేవంటే అంతకన్నా చవకైన పని ఒకటుంది: కొబ్బరి డొక్కలను పాదులో వరసలుగా, లోపలి వైపు పైకి ఉండేలా పూడ్చడం. అవి వాన నీటిని పట్టి ఉంచుతాయి, కొన్నేళ్ళపాటు పనిచేస్తాయి. నేను తిరిగిన తోటల్లో డొక్కలు గట్ల మీద గుట్టలుగా పడి ఉన్నాయి. కొన్ని పొయ్యిలోకి, కొన్ని పీచు మిల్లుకు. డబ్బు వచ్చే దారి వదిలి పూడ్చమంటే రైతు ఎందుకు వింటాడు అని అడగొచ్చు. వినకపోవచ్చు. సగమైనా పూడిస్తే చాలని నేనంటాను.

తిత్లీ తరువాత నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. పొడుగు రకం ఆరేడేళ్ళకు గానీ కాయదు. అందుకని తొందరగా కాచే పొట్టి రకాల మీదా, హైబ్రిడ్ల మీదా రైతులకు మోజు. అంబాజీపేట పరిశోధన కేంద్రం తయారుచేసిన గోదావరి గంగ మంచి హైబ్రిడ్డే. గోదావరి నీళ్ళున్న చోట బంగారం. నూతిలో నీళ్ళు అడుగంటే ఉద్దానం ఇసుకలో దాని సంగతి ఇక్కడే, ఈ ఎండలోనే చూసి తేల్చాలి, నర్సరీవాడి మాట మీద కాదు. కొబ్బరికి అంటు కట్టడం లేదు, కాయ నుంచే మొక్క. పొడుగు రకంలో ఒక్కో కాయ ఒక్కో రకంగా వస్తుంది కాబట్టి తల్లిచెట్టు ఎంపికే సగం వ్యవసాయం. తప్పు మొక్క నాటితే అరవై ఏళ్ళు దాని కిందే బతకాలి. కాసరగోడు శాస్త్రవేత్తలు ప్రయోగశాలతో ఆగకుండా రైతుల తోటల్లోనే కరువుకు నిలిచే చెట్లను వెతికి గుర్తించే పని కూడా చేశారు. ఆ పద్ధతి ఉద్దానానికి సరిగ్గా సరిపోతుంది. ఇంత గాలికీ ఇన్ని ఎండలకూ పరీక్ష రాసి నిలిచిన చెట్లు దేశంలో ఇంకెక్కడ దొరుకుతాయి?

ఉద్దానం రైతులకూ, ఉద్యానశాఖవారికీ నా విన్నపం ఇది. మే నెల చివర, మొదటి వాన పడకముందే, తోటలన్నీ ఒకసారి తిరగండి. 2018 గాలికి నిలిచి, ఎండాకాలం చివరిలోనూ కింది కమ్మలు వేలాడేయకుండా, పిందె రాల్చకుండా ఉన్న చెట్లకు సున్నంతో గుర్తు పెట్టండి. మూడు వేసవులు అవే చెట్లను చూడండి. మూడింటికీ నిలిచినదాని కాయే నారుకు దించండి. ఆ నారు కవిటిలోనో, వజ్రపుకొత్తూరులోనో పెంచి, ఉద్దానం మొక్క ఉద్దానంలోనే నాటండి.